కంప్యూటరు ఆవర్జా - కానరాని నిలువ యంత్రము

పెద్దలారా,

లెక్క వ్రాయుట మన పల్లెలకు కొత్త విద్య కాదు. దినదినము జరిగిన జమాఖర్చులను ముందుగా చిట్టాలో వ్రాయుట, పిమ్మట ఆసామివారీగా ఆవర్జాకు ఎత్తివ్రాయుట, నెల చివర రెంటిని సరిచూచుకొనుట మన తాతల నాటినుండి వచ్చుచున్న పద్ధతి. ఆ పుస్తకములు నేడు చాలచోట్ల కంప్యూటరులోనికి మారినవి. సంఘములోని బాకీలు, దేవాలయపు కౌలు పద్దులు, గ్రంథాలయములోని పుస్తకముల పట్టిక, ఇవన్నియు ఒక మూల బల్లమీది యంత్రములో నిలుచుచున్నవి. మీటలు నొక్కి వ్రాయువారు చిన్నవారు. కాగితముమీద చేవ్రాలు చేయువారును, సభలో లేచి సమాధానము చెప్పవలసినవారును మీరు.

కావున ఆ యంత్రములోని ఒక భాగమును గూర్చి మీకు మనవి చేయదలచినాను. దానిని స్టోరేజి ఇంజిన్ అందురు. తెలుగున నిలువ యంత్రము అనవచ్చును. ఉండవలసిన నిలువ యంత్రము లేకపోయినను కంప్యూటరు పనిచేయుచున్నట్లే కనిపించును. పద్దులు ఎక్కుచున్నట్లే ఉండును. రసీదులు అచ్చగుచునే ఉండును. లోపము బయటపడునాటికి ఎవరి బాకీ తీరినది, ఎవరిది తీరలేదు అను వివాదము వాకిటికి వచ్చియుండును. ఆ యంత్రము ఏల లేకుండపోవును, లేదని ఎట్లు తెలిసికొనవలెను, దానిని తిరిగి ఎట్లు పనిలో పెట్టవలెను అను మూడు సంగతులను వరుసగా చెప్పెదను.

మొదట సర్వరు అననేమో తెలిసికొందము. గుమాస్తా చూచు తెర వేరు, లెక్కలు దాచు సర్వరు వేరు. తెరమీది కార్యక్రమము లెక్కలను తాను దాచదు. “ఫలాని ఆసామి బాకీ ఎంత?” అని అది లోపలనున్న సర్వరును అడుగును. సర్వరు వెదకి చెప్పును. “ఈ పద్దు వ్రాసికొనుము” అని అడుగును. సర్వరు వ్రాసికొనును. వెనుకటి కాలమున కచేరీ సావడిలో కూర్చుండిన కరణము వంటిది ఈ సర్వరు. పుస్తకములన్నియు అతని చేతిలో నుండెడివి. తక్కినవారు అడిగి తెలిసికొనెడివారు. ఈ సర్వరు ఎక్కడనో దూరదేశమున నుండవలెనను నియమము లేదు. మన కార్యాలయపు కంప్యూటరులోనే, ఆ గదిలోనే ఉండవచ్చును. అట్టిదానిని స్థానిక సర్వరు అందురు.

ఇట్టి సర్వరులలో మిక్కిలి వ్యాప్తి గలది మై ఎస్.క్యు.ఎల్. అనునది. 1995లో స్వీడను దేశమున ఇది పుట్టినది. మైకేల్ విడేనియస్, డేవిడ్ ఆక్స్‌మార్క్, అలన్ లార్సన్ అను మువ్వురు దీనికి మూలపురుషులు. విడేనియస్ కుమార్తె పేరు మై. ఆ పేరే సర్వరు పేరునకు ముందు చేరినది. పిమ్మట 2009లో ఆయనయే దీని నుండి వేరొక శాఖను తీసి, రెండవ కుమార్తె పేరుమీద మరియా డి.బి. అని పిలిచెను. రెండును వెల యియ్యకుండ వాడుకొనదగినవే. చిన్న కార్యాలయములు వీనిని మిక్కిలిగా ఆశ్రయించుటకు అది యొక కారణము.

ఈ సర్వరులలో ఒక విశేషము కలదు. అడిగిన మాటను అర్థము చేసికొను భాగము ఒకటి, లెక్కను డిస్కుమీద దాచు భాగము మరియొకటి. దాచు భాగము ఒక్కటే కాదు, పలు విధములుగ నుండును. వడ్లు ఒక్కటే యైనను ఒకరు గాదెలో పోయుదురు, ఒకరు గరిసెలో నింపుదురు, ఒకరు పాతరలో పెట్టుదురు. గాదెనుండి తీయుట సులువు. పాతరలో భద్రము ఎక్కువ. ఏ పంటను ఎందులో పెట్టవలెనో రైతు ఎరుగును. అట్లే ఈ సర్వరులో పట్టిక పట్టికకు ఏ నిలువ యంత్రము కావలెనో చెప్పుకొనవచ్చును.

ఆ యంత్రములలో రెండింటి పేర్లు గుర్తుంచుకొనుడు. ఒకటి మై ఐసామ్. రెండవది ఇన్నో డి.బి. మొదటిది మై ఎస్.క్యు.ఎల్. కర్తలు తామే సిద్ధము చేసికొన్నది. రెండవదానిని ఫిన్లండు దేశస్థుడైన హెయిక్కి టూరి నిర్మించెను. అది 2001లో మై ఎస్.క్యు.ఎల్.తో జతపడినది. అయినను చాలకాలము, ప్రత్యేకముగా కోరనిదే, పట్టికలన్నియు మై ఐసామ్‌లోనే ఏర్పడుచుండెడివి. 2010 డిసెంబరులో వెలువడిన 5.5 కూర్పు మొదలుకొని ఇన్నో డి.బి. వాడుక యంత్రమైనది.

ఈ రెంటికిని గల భేదమును మన చిట్టా, ఆవర్జాల భాషలోనే చెప్పవచ్చును. ఇన్నో డి.బి. ప్రతి పద్దును ముందుగా చిట్టాలో వ్రాసికొనును. ఆ చిట్టాను వారు లాగు అందురు. పిమ్మట తీరికగా ఆవర్జాకు, అనగా అసలు పట్టికకు ఎత్తివ్రాయును. పద్దును రద్దు చేయవలసివచ్చునేమోయని పాత అంకెను గూడ ఒకచోట ఉంచుకొనును. మై ఐసామ్‌కు చిట్టా లేదు. వచ్చిన పద్దును వచ్చినట్లే ఆవర్జాలో వ్రాయును. పని తేలిక, చోటు తక్కువ. కాని నడుమ చేయి ఆగినచో ఏమి వ్రాసినది, ఏమి వ్రాయలేదు అని చూచుకొనుటకు ఆధారము లేదు.

ఒక ఉదాహరణము చూడుడు. ఒక సభ్యుడు సంఘమునకు 5,000 రూపాయలు బాకీ తీర్చినాడు. లెక్కలో రెండు పద్దులు పడవలెను. సంఘపు నగదులో 5,000 జమ, సభ్యుని బాకీలో 5,000 తగ్గింపు. మొదటి పద్దు పడినది. రెండవది పడులోపల కరెంటు పోయినది. ఇన్నో డి.బి. యైనచో, కరెంటు వచ్చి సర్వరు లేచునప్పుడే తన చిట్టాను చదువుకొనును. ముగిసిన వ్యవహారములను పూర్తిగా ఆవర్జాకు ఎక్కించును. ముగియని వ్యవహారమును మొదటినుండి తుడిచివేయును. 5,000 రూపాయల వ్యవహారము అసలు జరుగనట్లే ఉండును గనుక గుమాస్తా దానిని తిరిగి వ్రాయును. లెక్క సరిపోవును.

మై ఐసామ్ యైనచో మొదటి పద్దు నిలిచిపోవును. రెండవది లేదు. నగదు పెరిగినది, బాకీ తరుగలేదు. గుమాస్తా తిరిగి వ్రాసినచో నగదు రెండుసార్లు పెరుగును. వ్రాయకున్నచో, తీర్చిన బాకీకి మూడు నెలల పిమ్మట తాకీదు పోవును. కొన్ని వేళల పట్టికయే చెడి, మరమ్మతు చేయనిదే తెరువరాదు. సభ్యుడు రసీదు పోగొట్టుకొన్నాడనుకొనుడు. అతని మాటకును యంత్రపు మాటకును నడుమ మీరు తీర్పు చెప్పవలెను. యంత్రము అబద్ధమాడదని నమ్మువారు ఎక్కువ గనుక నిజము చెప్పువాడే ఓడిపోవచ్చును.

పద్దులన్నియు పడవలెను, లేదా ఒక్కటియు పడరాదు అను ఈ నియమమును పండితులు ట్రాన్సాక్షన్ అందురు. దీనిని శాస్త్రముగా రూపొందించినవారిలో జిమ్ గ్రే అను అమెరికనుడు ముఖ్యుడు. ఆయనకు 1998లో ట్యూరింగ్ బహుమానము లభించినది. 1981లో వ్రాసిన వ్యాసములో ఆయన ఈ భావమునకు మూలము ఒప్పందముల ధర్మములోనే ఉన్నదని చెప్పినాడు. బేరము కుదురువరకు ఇరువురును మాట మార్చుకొనవచ్చును. కుదిరిన పిమ్మట ఇరువురును కట్టుబడవలెను. సగము కుదిరిన బేరము అనునది లేదు. ఇది మీ తీర్పులలో మీరు ఎరిగిన ధర్మమే.

మై ఐసామ్ చెడ్డదని నా అభిప్రాయము కాదు. ఒకసారి వ్రాసి పలుమారులు చదువుకొను పట్టికలకు అది చక్కగా పనికివచ్చెడిది. గ్రంథములోని మాటలను వెదకు సూచికలు 2013లో వచ్చిన 5.6 కూర్పు వరకు దానిలోనే ఉండెడివి. కాని రూకల లెక్కకు, పలువురు ఒకేసారి వ్రాయు లెక్కకు అది తగదు. ఒకరు వ్రాయుచున్నంతసేపు అది పట్టికనంతను మూసిపెట్టును. ఇన్నో డి.బి. ఆ ఒక్క వరుసను మాత్రమే పట్టియుంచును. అంతేకాదు, సభ్యుల పట్టికలో లేని మనిషి పేర బాకీ వ్రాయబోయినచో, కట్టుబాటు పెట్టియున్నయెడల, ఇన్నో డి.బి. ఒప్పుకొనదు. మై ఐసామ్ ఆ కట్టుబాటును విని ఊరకుండును.

ఇక ఉండవలసిన ఇన్నో డి.బి. లేకుండపోవుట ఎట్లు? సాధారణముగా మూడు కారణములు.

మొదటిది, ఎవరో దానిని ఆపియుంచుట. సర్వరునకు అమరికల పత్రము ఒకటి కలదు. విండోసులో దాని పేరు మై. ఐ.ఎన్.ఐ., లినక్సులో మై. సి.ఎన్.ఎఫ్. ఆ పత్రములో “స్కిప్ ఇన్నోడిబి” అను ఒక్క పంక్తి ఉన్నచో పాత సర్వరులు ఆ యంత్రమును లేపవు. ఆ పంక్తిని వ్రాసినవారికి దురుద్దేశము లేదు. ఆనాటి కంప్యూటరులలో ర్యామ్ అను తాత్కాలికపు చోటు మిక్కిలి తక్కువ. ఇన్నో డి.బి. లేచినచో కొంత చోటు పట్టును. దానిని పొదుపు చేయుటకై సిద్ధముగా కట్టి యిచ్చిన మూటలలో గూడ ఆ పంక్తిని చేర్చి యిచ్చెడివారు. నేటి కంప్యూటరులకు ఆ కొరత లేదు. కారణము పోయినది, పంక్తి మాత్రము కొన్నిచోట్ల మిగిలినది.

రెండవది, లేవబోయి పడిపోవుట. పాత కూర్పులలో ఇన్నో డి.బి. చిట్టా సాధారణముగా డిస్కుమీద రెండు మూటలుగా ఉండెడిది. వాని కొలత ఎంతయో అమరికల పత్రములోను ఉండును. ఎవరైన పత్రములోని కొలతను మార్చి, డిస్కుమీది మూటలను మార్చకున్నచో, రెండును సరిపడక యంత్రము లేవదు. 5.1 వంటి పాత కూర్పులలో అట్టి వేళ సర్వరు ఆగిపోక, ఇన్నో డి.బి.ని విడిచి తక్కినవానితో లేచెడిది. చూచువారికి అంతయు బాగుగనే ఉండెడిది. 5.6 కూర్పు మొదలు సర్వరే ఆ కొలతను సరిచేసికొనుచున్నది. డిస్కు నిండిపోయినను, ఆ మూటలు తెరుచుటకు అనుమతి లేకున్నను యంత్రము లేవదు.

మూడవది, యంత్రమును అసలు చేర్చకుండుట. 2008లో వెలువడిన 5.1 కూర్పు నుండి నిలువ యంత్రములను విడిగా తెచ్చి తగిలించుకొను వీలు కలిగినది. తగిలించుట మరచినచో లేదు. మరియా డి.బి.లో ఇప్పటికిని మైరాక్స్ వంటి కొన్ని యంత్రములు వేరు మూటగా వచ్చును. వానిని ఒక ఆజ్ఞతో చేర్చుకొనవలెను.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి వినుడు. యంత్రము లేనప్పుడు సర్వరు రెండు విధములుగ ప్రవర్తించును. ఇదివరకే ఇన్నో డి.బి.లో నున్న పట్టికను తెరువబోయినచో, ఆ యంత్రమును నేనెరుగనని కేక వేయును. గుమాస్తా భయపడును, పని ఆగును, తెలిసినవారిని పిలుతురు. ఈ కేక మనకు మేలు చేయునది. రెండవ విధము వేరు. కొత్త పట్టికను ఇన్నో డి.బి.లో నిర్మింపుమని అడిగినచో, లేదా పాత నకలునుండి పట్టికలను తిరిగి ఎక్కించుమన్నచో, సర్వరు కాదనదు. ఇన్నో డి.బి.కి బదులు మై ఐసామ్‌లో నిర్మించి, చేసితినని చెప్పును. ఒక చిన్న హెచ్చరికను మాత్రము ప్రక్కన ఉంచును. తెరమీది కార్యక్రమములలో పెక్కు ఆ హెచ్చరికను గుమాస్తాకు చూపవు. వడ్లు పాతరలో పోయుమని పంపితిమి. పాతర మూసియున్నదని పనివాడు వాకిట కళ్ళములో పోసి, పోసితినని వచ్చి చెప్పినాడు. ఇది అట్టిది.

అటుపిమ్మట తెరమీది కార్యక్రమము వ్యవహారము మొదలైనదనును, ముగిసినదనును. సర్వరు తల ఊపుచునే ఉండును. తప్పు జరిగి రద్దు చేయుమన్నను మై ఐసామ్‌లో పడిన పద్దు రద్దు కాదు. రక్షణ ఉన్నదని అందరును నమ్మియుందురు. రక్షణ లేదు. తాళము లేని పెట్టెకు తాళమున్నదని నమ్మి ఊరుకొనుట, తాళము లేదని ఎరిగి కావలి కాచుటకంటె అపాయకరము.

ఇట్టి మారుపనిని నిషేధించు ఆజ్ఞ యొకటి కలదు. దాని పేరు నో ఇంజిన్ సబ్‌స్టిట్యూషన్. అది ఉన్నచో సర్వరు మై ఐసామ్‌లో నిర్మింపక, ఆ యంత్రము లేదని చెప్పి ఆగిపోవును. 5.6 కూర్పునుండి ఆ ఆజ్ఞ తనంతట అమలులో నున్నది. అంతకుముందటి కూర్పులలో దానిని మనమే పెట్టుకొనవలసి యుండెడిది. మై ఎస్.క్యు.ఎల్. 5.7.5 మొదలుకొని ఇన్నో డి.బి.ని ఆపుటకే వీలు లేదు. కొత్త సర్వరు గలవారికి ఈ భయము చాలవరకు తీరినది. కాని ఒకసారి పెట్టిన యంత్రము పాడగువరకు దాని జోలికి పోకుండుట మన కార్యాలయములలో సాధారణము. పదిపదునైదేండ్లనాటి కూర్పు మూలగదిలో నడుచుచున్నచో ఈ మాటలు దానికి పూర్తిగా వర్తించును.

ఇక తిరిగి పనిలో పెట్టు విధము. ఈ పనిని తెలిసినవాని చేతనే చేయింపుడు. కాని వరుస మాత్రము మీకు తెలిసియుండవలెను.

అన్నిటికంటె ముందు నకలు తీయవలెను. చదువుటకు వీలైన పట్టికలన్నిటిని వ్రాతరూపమున బయటికి దింపించుడు. పిమ్మట సర్వరును క్రమముగా ఆపి, దాని లెక్కలు దాచు సంచిని మొత్తముగా వేరొక డిస్కుమీదికి ఎత్తించుడు. ఆ డిస్కును యంత్రమునుండి విడదీసి బీరువాలో పెట్టుడు. నకలు లేకుండ ఒక్క పంక్తియు మార్చనీయకుడు.

రెండవ మెట్టు, సర్వరునే అడుగుట. “షో ఇంజిన్స్” అను ఆజ్ఞ నిచ్చినచో తనలోనున్న నిలువ యంత్రముల పట్టికను అది చూపును. ఇన్నో డి.బి. ఎదుట డిఫాల్ట్ అని యున్నచో అదియే వాడుక యంత్రము. యెస్ అని యున్నచో యంత్రము ఉన్నది గాని కోరిననే పని చేయును. డిసేబుల్డ్ అని యున్నచో ఉండియు ఆపబడినది. నో అని యున్నను, ఆ పేరే లేకున్నను, అది సర్వరులో చేర్చబడలేదు.

మూడవ మెట్టు, కారణమును చదువుట. సర్వరు తాను లేచినప్పుడెల్ల జరిగినదానిని ఒక దోషపత్రములో వ్రాసికొనును. యంత్రము ఏల లేవలేదో అందులో స్పష్టముగా ఉండును. పలువురు దీనిని చదువక ఊహతో అమరికలు మార్చుదురు. నాడి చూడని వైద్యము వంటిది అది.

కారణము స్కిప్ అను పంక్తియే యైనచో, ఆ పంక్తికి ముందు ఒక గుర్తు పెట్టి దానిని నిరర్థకము చేయవలెను. దాని క్రింద ఇన్నో డి.బి.కి చెందిన పంక్తులు గుర్తులతో మూయబడియుండవచ్చును. వానిని తెరువవలెను. సర్వరు లేచునప్పుడు మాత్రమే ఆ పత్రమును చదువును గనుక దానిని ఆపి తిరిగి లేపవలెను.

కారణము చిట్టా కొలతల భేదమైనచో, పత్రములో పాత కొలతనే తిరిగి వ్రాయుట సులభమైన, క్షేమకరమైన దారి. పాత కూర్పులలో కొలత మార్చక తప్పనిచో, ఇన్నో డి.బి. నడుచుచుండగా సర్వరును క్రమముగా ఆపిన పిమ్మటనే చిట్టా మూటలను వేరొకచోటికి తరలించి, సర్వరును లేపవలెను. అది కొత్త మూటలను చేసికొనును. ఆ మూటలను తుడిచివేయరాదు, ప్రక్కన ఉంచుకొనవలెను. ఐ.బి. డేటా అను పేరుగల మూటను మాత్రము తాకరాదు. చిట్టా వేరు, ఆవర్జా వేరని చెప్పితిని గదా. ఐ.బి. డేటా మూటలో ఆవర్జాయే ఉండును. తొందరపాటున దానిని తీసివేసి సర్వరు లేచినదని సంతోషించినచో, లేచునది ఉత్త సర్వరు. ధాన్యము పోయి గాదె మిగిలినట్లగును.

యంత్రమును చేర్చనే లేదనినచో, తగిన మూటను తెచ్చి తగిలింపవలెను. లేదా కొత్త కూర్పునకు మారవలెను. 5.7 కూర్పునకు సైతము కర్తల సంరక్షణ 2023 అక్టోబరుతో ముగిసినది. అంతకంటె పాతదానిని అతికించుకొనుచుండుటకంటె మారుట మేలు.

యంత్రము లేచిన పిమ్మట “షో ఇంజిన్స్” అని మరల అడిగి చూడవలెను. ఇక్కడితో పని ముగిసినదని పెక్కురు తలచుదురు. ముగియలేదు. యంత్రము లేకున్న కాలమున మై ఐసామ్‌లో నిర్మింపబడిన పట్టికలు ఇంకను మై ఐసామ్‌లోనే ఉన్నవి. పాతర తెరచినంత మాత్రమున కళ్ళములోని వడ్లు తమంతట లోనికి నడచిపోవు. “షో టేబుల్ స్టేటస్” అను ఆజ్ఞతో ఏ పట్టిక ఏ యంత్రములో నున్నదో చూచి, మన లెక్కల పట్టికలను ఒక్కొక్కటిగా ఇన్నో డి.బి.కి మార్పింపవలెను. సర్వరు తన సొంత వ్యవహారమునకు ఉంచుకొన్న పట్టికలను మార్చరాదు. మాటలు వెదకు సూచికలున్న పట్టికలు 5.6కు ముందటి కూర్పులలో మారవు. సభ్యుడు లేనిదే బాకీ లేదను కట్టుబాట్లు మై ఐసామ్‌లో నిలువలేదు గనుక వానిని మరల వ్రాయవలెను. అమరికల పత్రములో ఇన్నో డి.బి.యే వాడుక యంత్రమనియు, మారుపని నిషేధమనియు రెండు పంక్తులు చేర్చవలెను.

పిమ్మట పరీక్ష. అసలు లెక్కమీద కాక నకలుమీద చేయవలెను. వ్యవహారము మొదలుపెట్టి ఒక దొంగ పద్దు వ్రాసి, ముగింపక రద్దు చేయుమని ఆజ్ఞ ఇయ్యవలెను. పద్దు మాయమైనచో యంత్రము పనిచేయుచున్నది. మాయము కానిచో ఆ పట్టిక ఇంకను మై ఐసామ్‌లోనే యున్నది. మీ కన్నుల ఎదుటనే ఈ పరీక్ష చేయింపుడు. దీనికి అయిదు నిమిషములు చాలును.

పెద్దలారా, ఇంతవరకు చెప్పినది పనివాని పని. ఇక మీ పని. ఇన్నో డి.బి. లేచిన క్షణమునుండి జరుగు వ్యవహారములనే అది కాపాడును. అంతకుముందు సగము పడిన పద్దులను అది సరిదిద్దలేదు. ఏవి సగములో, ఏవి నిండువో దానికి తెలియదు. వానిని పట్టుకొనుటకు ఉన్న మార్గము మన పాత మార్గమే. రసీదుల నకళ్ళను ముందు పెట్టుకొని, నగదు ఖాతాను బాకీల ఖాతాతో పద్దు పద్దుకు పోల్చి చూడవలెను. కరెంటు పోయిన దినములను, సర్వరు అకస్మాత్తుగా ఆగిన దినములను మొదట చూడుడు. తప్పులు ఎక్కువగా అక్కడ దొరకును. నగదు హెచ్చి బాకీ తరుగని చోట ఆసామిని పిలిచి అడుగుడు. చిట్టా ఆవర్జాలు చేతితో వ్రాసి సరిచూచిన అనుభవము గలవారు ఈ పనికి కావలెను. మీటలు నొక్కు చిన్నవారికి ఆ అలవాటు లేదు, మీకు కలదు. దొరికిన ప్రతి తప్పును తుడిచివేయక, కారణముతో గూడ ఒక సర్దుబాటు పద్దుగా వ్రాయించి, సభలో చదివి వినిపింపుడు. తీర్చిన బాకీకి తాకీదు అందుకొన్న ఆసామికి ఆ సభలోనే అతని మాట నిజమని చెప్పుడు. పోయిన రూకలకంటె పోయిన మాటయే అతనికి ఎక్కువ బాధ కలిగించియుండును.

మీ సంఘములో గాని, దేవాలయములో గాని, గ్రంథాలయములో గాని యంత్రము నెలకొల్పినవానిని రాబోవు సమావేశమునకు పిలిచి మూడు ప్రశ్నలు అడుగుడు. మా లెక్కల పట్టికలు ఏ నిలువ యంత్రములో నున్నవో కాగితముమీద అచ్చువేసి చూపుము. ఆ యంత్రము లేచియుండనిచో సర్వరు ఆగునా, లేక మారుపని చేయునా? కడపటి నకలును వేరొక కంప్యూటరులో ఎక్కించి చూచిన దినమేది? మూటికిని సమాధానము దొరికినచో దానిని సమావేశపు పుస్తకములో వ్రాయించి చేవ్రాలు చేయుడు. ఒక్కదానికి తడబడినను ఆ దినమే నకలు తీయించి, నేను చెప్పిన వరుసను మొదటినుండి మొదలుపెట్టింపుడు.

కంప్యూటరు నడుచుచున్నదా అని అడుగుట చాలదు. లెక్కలు ఎందులో నిలుచుచున్నవి అని అడుగుడు. ధాన్యము ఇంటికి చేరినదని విన్న రైతు గాదె మూత తీసి చూడనిదే నిద్రపోడు. ఊరివారి రూకల లెక్క మీ చేతిలో నున్నంతకాలము మీరును అట్లే చూడవలెను.

సెలవు.